సున్నా దాటిన పద్యం

టేప్ రికార్డింగ్ గొప్పదా, డిజిటల్ గొప్పదా అని ఎవరైనా అడిగితే ఒకప్పుడు నేను కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడేవాణ్ణి. టేపులో ప్రాణం ఉంటుందని, డిజిటల్‌లో లెక్కలే తప్ప పాట ఉండదని నా వాదన. అవతలివాడు కుర్రాడైతే ఇంకాస్త గొంతు పెంచేవాణ్ణి. రికార్డిస్టుగా నా చేతుల్లో పాడైపోయిన వాటిని ఇప్పుడు వరసగా తలుచుకుంటే, టేపు వల్ల పాడైనవి కొద్ది, డిజిటల్ వల్ల పాడైనవి ఇంకా కొద్ది. మిగతావన్నీ నా అలవాట్ల వల్లే పాడయ్యాయి. టేపుకు పనికొచ్చే అలవాటును డిజిటల్ మీద రుద్దాను. డిజిటల్‌కు పనికొచ్చేదాన్ని టేపు మీద రుద్దాను.

నేను పని నేర్చుకున్నది 1980లలో, మద్రాసులో ఒక రికార్డింగ్ థియేటర్‌లో. అసిస్టెంటుగా చేరినవాడికి మైకు ముట్టుకునే భాగ్యం చాన్నాళ్లు ఉండదు. పొద్దున్నే వచ్చి మిషన్ హెడ్లను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి. టేపు నడిచే దారంతా, రబ్బరు రోలరుతో సహా, శుభ్రం చెయ్యాలి. హెడ్లలో పేరుకున్న అయస్కాంతత్వం తీసెయ్యాలి. అప్పుడు ఇంజనీరుగారు వచ్చి టెస్టు టేపు ఎక్కించి, 1,000 హెర్ట్‌జ్, 10,000 హెర్ట్‌జ్ టోన్లు వేసి, ఒక్కో ట్రాకునూ స్క్రూడ్రైవరుతో సరిచేసేవారు. రెండంగుళాల టేపు మీద 24 ట్రాకులు. అన్నిటికీ అదే తంతు. "ఇది మిషను కాదయ్యా, తంబురా. రోజూ శ్రుతి చేసుకోకపోతే రోజూ అపశ్రుతే" అనేవారాయన. నాకు అప్పట్లో అది ముసలాయన చాదస్తంలా తోచేది. తర్వాత సొంతంగా పని మొదలుపెట్టాక మొట్టమొదట నేను మానేసింది కూడా అదే.

టేపంటే ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో పూసిన ఇనుప ఆక్సైడ్ పొడి. మైకు నుంచి వచ్చిన విద్యుత్తు హెడ్డులో అయస్కాంతంగా మారి ఆ పొడి మీద ముద్ర వేస్తుంది. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఏఈజీ కంపెనీ మాగ్నెటోఫోన్ పేరుతో దాన్ని జనానికి చూపించినప్పుడు శబ్దం గొప్పగా ఏమీ లేదు. 1940లో అక్కడి ఇంజనీర్లు, చెవికి అందనంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న కరెంటును పాటతో కలిపి పంపితే ముద్ర శుభ్రంగా పడుతుందని కనిపెట్టారు. బయాస్ అంటామే, అది. యుద్ధం అయ్యాక జాక్ మల్లిన్ అనే అమెరికన్ సైనిక ఇంజనీరు అలాంటి రెండు మిషన్లు ఇంటికి తెచ్చుకున్నాడు. 1947లో గాయకుడు బింగ్ క్రాస్బీ రేడియో కార్యక్రమం వాటి మీదే రికార్డయింది. బయాస్ కాస్త తప్పితే పాట మసకబారుతుంది, లేదా గరగరలాడుతుంది. మా ఇంజనీరుగారి స్క్రూడ్రైవరు వెనక ఇంత చరిత్ర ఉందని నాకు తెలియదు.

ఇక మీటర్లు. ఇవి కొంచెం ఓపిగ్గా చెప్పాలి, ఎందుకంటే నా మొదటి పెద్ద తప్పు ఇక్కడే ఉంది. టేపు మిషన్ల మీద ఉండేది వీయూ మీటరు, ముల్లు ఊగే రకం. కుడివైపున సున్నా, ఆ తర్వాత ప్లస్ 3 దాకా ఎర్ర గీత. ఆ సున్నా అపాయం గుర్తు కాదు. పాట మామూలుగా ఆడాల్సిన చోటు. పైగా ఆ ముల్లు బద్ధకపుది. పూర్తిగా లేవడానికి 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి మృదంగం మీద పడ్డ దెబ్బ అసలు ఎత్తు ఎన్నడూ చూపించదు. చూపించకపోయినా కొంప మునగదు, టేపు ఓర్చుకుంటుంది. సున్నా దాటాక ఆక్సైడ్ కొద్దికొద్దిగా నిండుతుందే తప్ప శబ్దం ఒక్కసారిగా విరగదు. తరంగం తల గుండ్రంగా అణుగుతుంది, మూడో హార్మోనిక్ కాస్త వచ్చి చేరుతుంది. డోలు, తబలా లాంటివి అలా అణిగితే నిండుగా వినిపిస్తాయి. టేపు వెచ్చదనం అని జనం మురిసిపోయేదాంట్లో పెద్ద వాటా దీనిదే.

అడుగున మాత్రం హిస్ ఉంటుంది. నాయిస్ రిడక్షన్ లేని స్టూడియో టేపు మీద ఆ బుసకీ, గట్టి స్వరానికీ మధ్య దూరం 60, 70 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది. రే డాల్బీ 1965లో తన మొదటి నాయిస్ రిడక్షన్ పరికరం తయారుచేసింది ఈ బుసను అణచడానికే. అది అందుబాటులో లేనిచోట మాకున్న మందు ఒక్కటే, లెవెల్ పెంచడం. "ముల్లు ఎరుపులో ఆడనీ. హిస్ విన్నవాడు తిడతాడు కానీ ఎరుపు చూసినవాడు తిట్టడు" అని మా థియేటర్లో పాఠం. టేపు వరకూ అది నూటికి నూరుపాళ్లు సరైన పాఠం.

సోనీ 1987లో డ్యాట్ తెచ్చింది. అరచేతిలో పట్టే చిన్న క్యాసెట్టు, లోపల వీడియో మిషన్‌లో లాగా గిర్రున తిరిగే హెడ్డు, టేపు మీద పాట బదులు అంకెలు. విజయవాడలో నేను పెట్టుకున్న చిన్న థియేటర్‌కి అది 1990ల మధ్యలో సెకండ్‌హ్యాండ్‌లో వచ్చింది. హిస్ లేదు! హెడ్‌ఫోన్ పెట్టుకుని ఖాళీ గది నిశ్శబ్దం వింటూ కూర్చున్నాను.

అప్పుడే ఒక పెద్దాయన వచ్చారు. పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషానికి చుట్టుపక్కల నాలుగు జిల్లాల్లో పేరున్న నటుడు. శిష్యులు డబ్బు పోగుచేసి ఆయన పద్యాలు రికార్డు చేయించాలనుకున్నారు. రంగస్థలం పద్యం సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మొదటి పాదం దాదాపు మాటలాగే మొదలవుతుంది. నాలుగో పాదం దాటాక రాగం అందుకుంటే, మైకు లేని రోజుల్లో చివరి వరసలో చాపమీద కూర్చున్నవాడికి వినిపించేలా సాధన చేసిన గొంతు అది. వన్స్‌మోర్ కొట్టించుకునేది ఆ రాగంతోనే. మెల్లగా ఉన్నదానికీ గట్టిగా ఉన్నదానికీ మధ్య అంత తేడా సినిమా పాటలో ఎక్కడా ఉండదు.

రిహార్సల్లో లెవెల్ పెట్టుకున్నాను. రిహార్సల్లో ఏ గాయకుడూ నిండు గొంతుతో పాడడు. ఇది తెలియని రికార్డిస్టు ఉండడు, నాకూ తెలుసు. అయినా టేపు మీద పెట్టినట్టే మీటరు పైఅంచుకి దగ్గరగా పెట్టాను. టేక్ మొదలైంది. రాగం అందుకోగానే 'ఓవర్' అన్న చోట ఎర్రదీపం వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది. హార్మోనిస్టు ఆ టేక్ అయ్యాక అద్దంలోంచి చూపించి, "అయ్యా, ఆ ఎర్రదీపమేమిటండీ?" అని అడిగాడు. "ఏం కాదండీ, కానివ్వండి" అన్నాను.

సాయంత్రం విన్నాను. రాగం పైకెళ్లిన ప్రతిచోటా చిటపటమని పగులు. హార్మోనియం కూడా ఆ పగుల్లోనే చిక్కుకుంది.

డ్యాట్‌లో, సీడీలో ఒక్కో క్షణపు శబ్దాన్ని కొలిచి 16 బిట్ల అంకెగా రాస్తారు. అంటే మొత్తం 65,536 మెట్లు. ఆఖరి మెట్టు పేరే డిజిటల్ సున్నా. దాని పైన అంకె లేదు కనుక, దానికన్నా ఎత్తుగా వచ్చినదంతా ఆఖరి అంకెగానే నమోదవుతుంది. తరంగం తల గుండ్రంగా అణగదు, అడ్డంగా తెగిపోతుంది. రెండు మీటర్ల మీదా సున్నా అనే రాసి ఉంటుంది కానీ టేపు సున్నా నడిచే దారి, డిజిటల్ సున్నా దారి అంతమైన చోటు. వీయూ మీటరు మీది సున్నాను డిజిటల్ మీటరు మీద మైనస్ 18 దగ్గరో, మైనస్ 20 దగ్గరో ఆడించడం స్టూడియోల రివాజు. ఆ 18 డెసిబెల్స్ ఖాళీని వదిలెయ్యాలి. 16 బిట్లలో బిట్టుకు 6 చొప్పున 96 డెసిబెల్స్ చోటు ఉంటుంది కాబట్టి ఖాళీ వదిలినా హిస్ మీద పడదు. ఇప్పటి 24 బిట్లలో అయితే ఇంకా ధారాళంగా వదలొచ్చు. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఈ ముక్క ఉండే ఉంటుంది. ఎన్నేళ్ల నుంచో ఈ పనిలో ఉన్నవాణ్ణి, పుస్తకం చదవడమేమిటని పక్కన పడేశాను.

పెద్దాయన్ని మళ్లీ పిలిచి పాడమని బతిమాలాను. "రాగం ఎక్కినప్పుడే పట్టుకోవాలి నాయనా, ఎక్కమంటే ఎక్కుతుందా" అన్నారు. పాడారు. లెవెల్స్ చక్కగా వచ్చాయి. పాట రాలేదు. పగిలిన టేకునే ఏదో మరమ్మతు చేసి ఇచ్చాను. పగుళ్లను పూడ్చే సాఫ్ట్‌వేర్లు ఇవాళ ఉన్నాయి. ఒకటీ అరా తరంగాలు తెగితే అతుకు కనబడదు కానీ రాగం మొత్తం తెగిపోతే అవి ఊహించి వేసేది ఆ గాయకుడి గొంతు కాదు.

దెబ్బ తిన్నవాడు రెండోవైపుకి ఒరగడం సహజం. ఆ తర్వాత ఒక దసరా ఉత్సవంలో వయొలిన్ కచేరీ రికార్డు చెయ్యాల్సి వచ్చింది. డ్యాట్ మరమ్మతుకు వెళ్లింది, చేతిలో పావంగుళం స్పూలు మిషను మాత్రమే ఉంది. సెకనుకు 7.5 అంగుళాల వేగం. ఎర్రదీపం భయం కళ్లముందు ఆడుతుంటే ముల్లు ఎక్కడో అడుగున కొట్టుకునేలా లెవెల్ పెట్టాను. ఆలాపన హిస్‌లో మునిగింది. టేపు కూడా తరంగాన్ని తెగ్గొడుతుందేమోనన్న భయంతో దానికి డిజిటల్ మర్యాద చేశానన్నమాట. ఇది విన్న ఒక పాత మిత్రుడు, "నీకు జలుబు చేసినప్పుడల్లా పక్కింటివాడు మందు మింగుతున్నాడు" అని నవ్వాడు.

వెచ్చదనం వాదన మాత్రం వదల్లేదు. దాన్ని వదిలించింది మా దగ్గర పనిచేసిన కుర్రాడు. 2000ల మధ్యలో అనుకుంటాను, కంప్యూటర్ మీద 24 బిట్ రికార్డింగ్ మా థియేటర్‌కీ వచ్చేసింది. నేను ఎప్పటిలాగే ఉపన్యాసం మొదలుపెట్టాను. డిజిటల్ అంటే మెట్లు మెట్లుగా కోసిన పాట అనీ, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉన్నది గాల్లో కలిసిపోతుందనీ. అతను విని, "సార్, ఒక చిన్న పని చేద్దామా?" అన్నాడు. నాకిష్టమైన స్పూలు ఒకటి మిషన్ మీద పెట్టి, ఆ మిషన్లోంచి వస్తున్నదాన్నే కంప్యూటర్లోకి ఎక్కించాడు. తర్వాత రెంటినీ ఒకేసారి నడిపిస్తూ, రెండింటి లెవెల్ సరిగ్గా సమానం చేసి, స్విచ్ తన దగ్గర పెట్టుకుని నన్ను కళ్లు మూసుకోమన్నాడు.

లెవెల్ సమానం చెయ్యడం చిన్న విషయం కాదు. ఒక డెసిబెల్ ఎక్కువున్నది ఎప్పుడూ మంచిదనే వినిపిస్తుంది. ఎక్కువైందని తెలియదు, బాగుందని తెలుస్తుంది. టేపు, డిజిటల్ పోలికల గురించి నేను అంతకుముందు చేసిన తీర్మానాల్లో లెవెల్ కొలిచి చేసింది ఒక్కటీ లేదు.

ఇది టేపు అని ధీమాగా చెప్పాను. కంప్యూటర్. మళ్లీ చెప్పాను. మళ్లీ తప్పు. ఒప్పయినవి కూడా నాణెం ఎగరేసినన్ని సార్లే. అప్పుడతను తిరగేశాడు. డిజిటల్‌లో నేరుగా రికార్డు చేసిన వీణను టేపు మీదకు ఎక్కించి, అసలుదాని పక్కన పెట్టాడు. ఈసారి ప్రతిసారీ పట్టుకున్నాను. టేపు దాటొచ్చిన వీణ కాస్త మెత్తబడింది, అడుగున బుస చేరింది, నిలిచిన స్వరంలో సన్నని వణుకు.

అంటే, డిజిటల్ టేపు గుణాన్ని ఉన్నదున్నట్టు మోసుకెళ్లింది. టేపు తన గుణాన్ని కలిపి ఇచ్చింది. నేను ప్రాణం అన్నది కలిసిన రంగు. ఆ రంగు అందమైనదే, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కావాలని కలుపుకునేవాళ్లు గొప్ప రికార్డిస్టులు. కానీ రంగు కలపనివాణ్ణి గుడ్డివాడనడం తప్పు. మెట్ల సంగతి కూడా తర్వాత చదివి సిగ్గుపడ్డాను. శాంపిలింగ్ వేగంలో, అంటే సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తామో అందులో, సగానికి లోపు ఉన్న ఫ్రీక్వెన్సీలు ఏవైనా సరే, ఆ శాంపిళ్ల నుంచి తరంగాన్ని నున్నగా, పూర్తిగా తిరిగి నిర్మించవచ్చని నైక్విస్ట్, షానన్‌ల లెక్క. షానన్ దాన్ని ప్రచురించింది 1949లో, నేను పుట్టకముందే. సీడీ వేగం సెకనుకు 44,100. మన చెవి పరిధి 20,000 హెర్ట్‌జ్ దాకా కనుక సరిపోతుంది. ఆ వింత అంకె ఎక్కడిదో తెలిశాక నా వాదన మీద నాకే నవ్వొచ్చింది. తొలిరోజుల్లో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపుల మీద దాచేవారు. టీవీ బొమ్మలో గీతకు 3 శాంపిళ్లు, ఫీల్డుకు 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు, గుణిస్తే 44,100. డిజిటల్‌కి ఆ అంకె పెట్టింది టేపే.

1982లో సీడీ వచ్చిన కొత్తలో వాటి శబ్దం కటువుగా ఉందన్నవాళ్ల చెవులు అబద్ధం చెప్పలేదు. అప్పటి కన్వర్టర్లు, ఫిల్టర్లు నేటివి కావు. ఎల్పీ రికార్డు కోసం సరిచేసిన మాస్టర్లనే మార్చకుండా సీడీకి ఎక్కించినవీ ఉన్నాయి. నా తప్పల్లా, ఆనాటి తీర్పును పాతికేళ్లు తిరిగి విచారించకుండా మోయడం.

ఇంతవరకూ చెప్పినవి పరువు పోయిన కథలు. తర్వాతది వేరు.

గోదావరి జిల్లా నుంచి ఒక కుటుంబం డబ్బా నిండా క్యాసెట్లు, కొన్ని స్పూళ్లు తెచ్చింది. వాళ్ల తాతగారు హరిదాసు. ఉత్సవాల్లో, పెళ్లిళ్లలో చెప్పిన హరికథలు ఎవరెవరో రికార్డు చేసినవి. అన్నీ సీడీ చేసిపెట్టమన్నారు. బేరం కుదిరింది. పని తొందరగా కావాలన్నారు, నేనూ తొందరగానే ఒప్పుకున్నాను. కంప్యూటర్‌లో ఫైలు కాపీ చేసినట్టు క్యాసెట్ కాపీ చేద్దామనుకున్నాను. పెట్టు, ప్లే నొక్కు, రికార్డు నొక్కు.

ఫైలు ఏ కంప్యూటర్లో చదివినా అదే ఫైలు. క్యాసెట్ అలా కాదు. ఫిలిప్స్ 1963లో తెచ్చిన ఈ క్యాసెట్‌లో టేపు వెడల్పు 4 మిల్లీమీటర్ల లోపు, వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. స్టూడియోలో 15 అంగుళాల వేగంతో నడిచే టేపు మీద 10,000 హెర్ట్‌జ్ తరంగం 38 మైక్రాన్లు ఆక్రమిస్తే, క్యాసెట్ మీద అదే తరంగం 5 మైక్రాన్ల లోపే ఇరుకుతుంది. అందుకని చదివే హెడ్డు, రాసిన హెడ్డు ఉన్న కోణంలోనే నిలబడాలి. వెంట్రుకవాసి వాలినా 'స', 'శ' పలుకులు మొద్దుబారిపోతాయి. ఈ కోణాన్ని అజిముత్ అంటారు. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. ప్రతి క్యాసెట్‌కీ, ఒక్కోసారి రెండో సైడుకి కూడా, అది తిప్పుతూ శబ్దం బాగా విచ్చుకున్న చోట ఆపాలి. మద్రాసులో రోజూ పొద్దున్నే చూసిన స్క్రూడ్రైవరు పని ఇదే. నేను స్క్రూ ముట్టుకోలేదు.

శబ్దం మసగ్గా వస్తోందని ఈక్వలైజర్‌లో ట్రెబుల్ పెంచాను. దాంతో హిస్ పెరిగింది. హిస్ తగ్గించడానికి సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ గట్టిగా వేశాను. హిస్‌తోపాటు చిడతల గలగల, గజ్జెల చివరి మోత పోయాయి. హరికథలో గజ్జె పోతే ఇక మిగిలేది ఉపన్యాసం. కొన్ని క్యాసెట్ల మీద డాల్బీ బి గుర్తు ఉంది. డెక్కు మీద ఆ స్విచ్ వేసి వింటే సరిపోయే చోట, వెయ్యకుండా విని, కర్కశంగా ఉందని ట్రెబుల్ కోశాను. కొన్ని, బ్యాటరీలు అయిపోవచ్చిన రికార్డరులో చేసినవి. రికార్డు చేసేటప్పుడు మోటారు నెమ్మదించిందంటే వినేటప్పుడు పాట వేగం హెచ్చుతుంది, శ్రుతి పెరుగుతుంది. దాసుగారి శ్రుతి ఎంతో ఇంట్లో ఎవరినన్నా అడిగి హార్మోనియం మీద సరిచూసుకుంటే పట్టుబడేది. అడగలేదు. స్పూళ్లలో ఒకటి కీచుమంటూ నడిచింది. 1970ల మధ్య నుంచి 1980ల దాకా వచ్చిన కొన్ని రకాల టేపుల్లో జిగురు గాలిలో తేమను పీల్చుకుని బంకగా మారుతుందని నాకు తెలియదు. బలవంతాన నడిపించాను. హెడ్డు మీద గోధుమరంగు పేస్టు మిగిలింది. అది పాట. అలాంటి టేపును ముందు తక్కువ వేడిలో, 54 డిగ్రీల దగ్గర, గంటల తరబడి ఆరబెడితే కొన్నాళ్లపాటు నడుస్తుంది. అది తెలిసినవాళ్లే చెయ్యాలి. పాతకాలపు ఎసిటేట్ టేపుకి ఆ వేడి తగిలితే ఉన్నదీ పోతుంది.

చివరికి అన్నిటినీ 128 కిలోబిట్ల ఎంపీ3లు చేసి, రెండు సీడీల్లో సర్ది ఇచ్చాను. సీడీలు తక్కువైతే ఖర్చు తక్కువ కదా అని. క్యాసెట్లు తిరిగి ఇస్తూ, "ఇక ఇవి అక్కర్లేదండి" అన్నాను.

అక్కర్లేదన్నాను కాబట్టి వాళ్లు పారేశారు.

కొన్నేళ్ల తర్వాత నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఎంతో మెరుగయ్యాయి. ఒకప్పుడు గజ్జెను బుసనుకుని మింగినవి ఇప్పుడు రెంటినీ విడదీస్తున్నాయి. ఆ హరికథల మీద మళ్లీ పనిచేద్దామని వాళ్లకి ఫోన్ చేసినప్పుడు క్యాసెట్ల సంగతి తెలిసింది. శుభ్రం చెయ్యని కాపీ నా దగ్గరుందా అంటే, ఉంది. అంటే, ఉండాలి. ఈక్వలైజర్ వెయ్యకముందు ఎక్కించిన ఫైళ్లు కొన్నిటిని ఒక హార్డ్ డిస్కులో దాచి, డిస్కును బీరువాలో నా పాత స్పూళ్ల పక్కన పెట్టాను. తీసి కలిపితే డిస్కు తిరగలేదు. రెండుసార్లు టిక్కుమని ఊరుకుంది. పక్కనున్న స్పూళ్లలో 1970లనాటిది ఒకటి, మిషన్ మీద పెట్టగానే పాడింది.

దీన్ని టేపు గెలుపుగా చెప్పేవాళ్లున్నారు. షికాగోలో స్టీవ్ అల్బీని అనే రికార్డింగ్ ఇంజనీరు చివరిదాకా టేపు మీదే రికార్డు చెయ్యడానికి చెప్పిన కారణాల్లో మన్నిక ఒకటి. నేను వేరుగా చూస్తాను. టేపును కదపకుండా, తేమ తగలకుండా దాస్తే మెల్లగా క్షీణిస్తుంది. క్షీణిస్తున్నట్టు వినిపిస్తూనే ఉంటుంది. ట్రెబుల్ తగ్గుతుంది, చుట్టలో పక్క పొర ముద్ర పడి పాట మొదలవకముందే దాని నీడ వినిపిస్తుంది, అక్కడక్కడ శబ్దం జారుతుంది. డిజిటల్ ఏ కబురూ చెప్పదు. నిన్నటిదాకా నూటికి నూరు, ఇవాళ సున్నా. కానీ టేపుకి లేని వరం ఒకటి దానికుంది. టేపు నుంచి టేపుకి ఎక్కిస్తే ప్రతి తరంలోనూ బుస పెరుగుతుంది. డిజిటల్ ఫైలు వందో కాపీ కూడా మొదటిదే, అంకె అంకె సరిపోల్చి చూసుకోవచ్చు. డిజిటల్‌ను బతికించేది బీరువా కాదు, కాపీ. ఆ ఒక్క వరాన్నీ నేను వాడుకోలేదు. దాన్ని స్పూలులాగా చీకట్లో పడుకోబెట్టాను.

ఇప్పుడు నా పని ఎక్కువగా ఇలాంటి పాత టేపులతోనే. యునెస్కో, ప్రపంచ ధ్వని భాండాగారాల సంఘం ఐఏఎస్ఏతో కలిసి 2019లో మాగ్నెటిక్ టేప్ అలర్ట్ పేరుతో ఒక హెచ్చరిక కార్యక్రమం నడిపింది. టేపులు ఉంటాయి, వాటిని వినిపించే మిషన్లు, విడిభాగాలు, బాగుచేసే మనుషులు ఉండరని దాని సారాంశం. మిషన్ల సంగతి నిజమే. సోనీ డ్యాట్ రికార్డర్ల తయారీ ఆపింది 2005లో. మంచి క్యాసెట్ డెక్కు మరమ్మతు చేసేవాడు మా బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల ఒకప్పుడు సందుకొకడు ఉండేవాడు. ఇప్పుడు నాకు బెల్టు మార్చాలన్నా హైదరాబాద్ పంపాలి.

మీ ఇంట్లోనూ అటక మీద ఒక డబ్బా ఉండే ఉంటుంది. బామ్మ మంగళహారతో, నాన్న పద్యమో, ఊళ్లో భజనో. బూజు పట్టిన క్యాసెట్‌ని చూద్దాంలే అని ప్లేయర్లో పెట్టకండి, బూజు మిగతా వాటికీ అంటుకుంటుంది. పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ముందు విరిచెయ్యండి, పొరపాటున రికార్డు నొక్కినా చెరిగిపోదు. ఎక్కించేవాడెవడైనా సరే, అజిముత్ స్క్రూ తిప్పుతావా అని అడగండి. ఆ మాట వినలేదంటే ఇంకొకరిని చూసుకోండి. 24 బిట్, కనీసం 48,000 హెర్ట్‌జ్ వేవ్ ఫైలు కావాలనండి, ఐఏఎస్ఏ చెప్పే కనీస కొలత అది. ట్రెబుల్ పెంచకుండా, హిస్ తియ్యకుండా, ఉన్నదున్నట్టు. వినడానికి శుభ్రం చేసిన కాపీ వేరే చేయించుకోండి. వేవ్ ఫైలుకి మూడు కాపీలు పెట్టి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న తమ్ముడి దగ్గరో, అక్క దగ్గరో ఉంచండి. ఏటా ఒకసారి తెరిచి చూడండి. క్యాసెట్ పారెయ్యకండి. ఈ పని సంక్రాంతికి అందరూ ఇంటికొచ్చినప్పుడు మొదలుపెట్టండి. ఆ గొంతు ఎవరిదో, ఆ హార్మోనియం ఎవరు వాయించారో చెప్పగలిగిన పెద్దవాళ్లు పక్కన ఉంటారు. వాళ్లు చెప్పింది అక్కడికక్కడే ఫైలు పేరుగా రాసెయ్యండి.